ధాన్యపు వాసనకు కొలమానం: ఎలక్ట్రానిక్ నాసిక, వాసనల పునఃసృష్టి, ప్రసారం – వెల్గటూర్ ప్రాంత పంటల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

ధాన్యం సేకరణ ప్రమాణాలలో తేమకు, తాలుకు, దెబ్బతిన్న గింజలకు శాతాల రూపంలో పరిమితులు ఉన్నవి. దుర్వాసన ఉండరాదన్న షరతు కూడా అదే పట్టికలో ఉన్నప్పటికీ దానికి సంఖ్య గాని, పరికరం గాని లేవు. వాసనను సంఖ్యలుగా మార్చగల ఎలక్ట్రానిక్ నాసిక ఈ లోటును తీర్చగలదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించవలసిన విషయం. సెన్సర్ల పనితీరు, తేయాకు పరిశ్రమలో భారతీయ అనుభవం, వరి, పసుపు, మామిడి పంటలలో వాసనకు కారణమైన రసాయనాలు, లింగాకర్షక ఎరల రూపంలో వాసనల పునఃసృష్టి, దూర ప్రసార ప్రయత్నాలు ఇందులో వివరించబడినవి. స్థానిక నమూనాలతో శిక్షణ, పరీక్ష జరగని పరికరం వలన కలిగే నష్టం ప్రధానంగా రైతుపైనే పడుతుందని ఒక లెక్క ద్వారా చూపబడినది.

కీలక పదాలు: ఎలక్ట్రానిక్ నాసిక, బాష్పశీల పదార్థాలు, ముక్క వాసన, వరి ధాన్యం, పసుపు, లింగాకర్షక ఎర, స్థానిక నిర్ధారణ

1. ఉపోద్ఘాతం

జగిత్యాల జిల్లాలో గోదావరి తీరాన ఉన్న వెల్గటూర్ మండలంలో వరి ముఖ్యమైన పంట. యాసంగి పంట కోతకు వచ్చి, ధాన్యం కల్లాలకు, కొనుగోలు కేంద్రాలకు చేరే ఏప్రిల్, మే నెలలలోనే అకాల వర్షాలు కూడా పడుతుంటాయి. 2023 మార్చి, ఏప్రిల్ నెలలలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో కురిసిన వడగళ్ల వానలు ఇందుకు ఇటీవలి ఉదాహరణ. కుప్పపై టార్పాలిన్ కప్పినా అడుగునుండి నీరు చేరితే రెండు మూడు రోజులలో కుప్ప లోపల వేడి పుడుతుంది, గింజ రంగు మారుతుంది, ముక్క వాసన మొదలవుతుంది. అటువంటి ధాన్యాన్ని మళ్లీ ఎండబోసినప్పుడు తేమ తగ్గుతుంది గాని వాసన పూర్తిగా పోదు.

కేంద్ర ప్రభుత్వ ఏకరూప ప్రమాణాల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలు అన్నీ కలిపి 5 శాతం లోపు ఉండవలెను. వీటితో పాటు ధాన్యం బూజు, దుర్వాసన లేనిదై ఉండవలెనని కూడా ఆ ప్రమాణాలు చెబుతున్నవి. తేమను మీటరు చూపుతుంది, గింజలను ఏరి తూచవచ్చును. వాసన విషయానికి వచ్చేసరికి పిడికెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకొని చూడటమే నేటికీ పద్ధతి. రైతు ముక్కుకు బాగున్న ధాన్యం మిల్లరు ముక్కుకు బాగుండకపోవచ్చును. ఆ భేదాభిప్రాయం చివరకు తరుగు రూపంలో తూకంలో కనిపిస్తుంది. వాసనకు ఇద్దరూ అంగీకరించే కొలమానం ఒకటి అవసరమన్న విషయంలో సందేహం లేదు. అది ఎటువంటిదై ఉండవలెను, ఎవరి నమూనాలతో తయారు కావలెను అన్నవే అసలు ప్రశ్నలు.

2. వాసనను ముక్కు గుర్తించే విధానం

ఒక వస్తువు నుండి ఆవిరై గాలిలో కలిసే చిన్న అణువులే వాసనకు మూలం. వీటిని బాష్పశీల పదార్థాలు అంటారు. ఆవిరి కాని పదార్థానికి వాసన లేదు. ఈ చిన్న సత్యం తరువాతి విభాగాలలో మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

ముక్కు పైభాగంలోని పలుచని పొరలో ఘ్రాణ కణాలు ఉంటాయి. ఈ కణాలపై ఉండే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వెల్లడించారు. ఆ కృషికి వారికి 2004లో నోబెల్ బహుమతి లభించినది. మనిషిలో పనిచేసే గ్రాహక రకాలు సుమారు 400. ఒక్కొక్క గ్రాహకం ఒకే అణువుకు పరిమితం కాదు, అనేక అణువులకు కొద్దిగానో ఎక్కువగానో స్పందిస్తుంది. అదేవిధంగా ఒకే అణువు అనేక గ్రాహకాలను కదిలిస్తుంది. ఏ గ్రాహకాలు ఎంతెంత స్పందించినవన్న మొత్తం నమూనాను బట్టి మెదడు ఇది మల్లె, ఇది ముక్కిన బియ్యం అని పోల్చుకుంటుంది.

రంగు విషయం ఇంత క్లిష్టం కాదు. కంటిలో మూడు రకాల వర్ణగ్రాహక కణాలే ఉన్నందున ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి టెలివిజన్ తెరపై దాదాపు అన్ని రంగులనూ చూపగలుగుతున్నాము. వాసనలో అటువంటి మూల వాసనల చిన్న జాబితా లేదు. వాసనను గుర్తించటం కొంత సులభమై, దానిని తిరిగి పుట్టించటం ఇంకా కష్టంగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

3. ఎలక్ట్రానిక్ నాసిక నిర్మాణం

ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్సాడ్, డాడ్ 1982లో మూడు అర్ధవాహక సెన్సర్లతో ముక్కు పనితీరును అనుకరించే నమూనాను ప్రకటించారు. ఒక్కొక్క సెన్సరు విడిగా ఏ వాసననూ కచ్చితంగా గుర్తించలేకపోయినా, మూడింటి స్పందనల నిష్పత్తిని బట్టి వాసనలను వేరుచేయవచ్చునని వారు చూపారు. పాక్షికంగా మాత్రమే ఎంపిక గల సెన్సర్ల సమూహం, వాటి స్పందనలను పోల్చి చూసే గణన పద్ధతి కలిసినదే ఎలక్ట్రానిక్ నాసిక అని 1994లో గార్డ్‌నర్, బార్ట్‌లెట్ ఇచ్చిన నిర్వచనం నేటికీ ప్రామాణికం.

పరికరంలో నాలుగు భాగాలు ఉంటాయి.

అ) నమూనా గది: గింజలను మూసిన గాజు పాత్రలో కొంతసేపు నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద ఉంచితే పై ఖాళీలో వాసన చేరుతుంది. ఆ గాలిని చిన్న పంపు ద్వారా సెన్సర్ల మీదికి పంపుతారు.

ఆ) సెన్సర్లు: విస్తృతంగా వాడేవి టిన్ ఆక్సైడ్ వంటి లోహ ఆక్సైడ్ సెన్సర్లు. 200 నుండి 400 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిన ఆక్సైడ్ ఉపరితలంపై గాలిలోని ఆక్సిజన్ అతుక్కొని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. అప్పుడు విద్యుత్ నిరోధం ఎక్కువగా ఉంటుంది. ఆల్కహాలు, ఆల్డిహైడ్ వంటి ఆవిర్లు ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలై నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలే సంకేతం. వాహక పాలిమర్లు, పూత పూసిన క్వార్ట్జ్ స్ఫటికాలు కూడా వాడుకలో ఉన్నవి. స్ఫటికంపై ఆవిరి చేరి బరువు పెరిగితే దాని కంపన వేగం తగ్గుతుంది.

ఇ) సంకేత మార్పిడి: నిరోధంలోని మార్పును నిర్ణీత వ్యవధులలో సంఖ్యలుగా నమోదు చేస్తారు. ఎనిమిది సెన్సర్లు ఉంటే ఒక్కొక్క నమూనాకు ఎనిమిది వక్రరేఖలు లభిస్తాయి. దీనినే వాసన ముద్ర అనవచ్చును.

ఈ) నమూనా గుర్తింపు: ప్రధానాంశ విశ్లేషణ, రేఖీయ విభజన విశ్లేషణ, కృత్రిమ నాడీజాలాలు మొదలైన పద్ధతులతో కొత్త ముద్రను పాత ముద్రలతో పోల్చుతారు.

ఇక్కడ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిసిన ప్రయోగశాల పరికరం వాసనలోని అణువులను ఒక్కొక్కటిగా విడదీసి పేరు చెబుతుంది. ఎలక్ట్రానిక్ నాసిక పేర్లు చెప్పదు. ఇంతకుముందు తనకు చూపిన నమూనాలలో దేనిని పోలి ఉన్నదో మాత్రమే చెబుతుంది. చూపనిది దానికి తెలియదు.

4. తేయాకు పరిశ్రమలో భారతీయ అనుభవం

భారతదేశంలో ఈ రంగంలో బాగా తెలిసిన కృషి తేయాకుపై జరిగినది. కోల్‌కతాలోని సీ-డాక్ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి లోహ ఆక్సైడ్ సెన్సర్లతో తేయాకు కోసం ఎలక్ట్రానిక్ నాసికను రూపొందించారు. నల్ల తేయాకు తయారీలో నలిపిన ఆకును పులియబెట్టే దశ కీలకమైనది. ఆ దశలో వాసన రెండుసార్లు తారస్థాయికి చేరుతుంది. ఆ రెండవ శిఖరాన్ని సరిగా గుర్తించి పులియటాన్ని ఆపితే తేయాకు నాణ్యత బాగుంటుంది. ఆలస్యమైతే సువాసన పోతుంది. కార్మికులు ముక్కుతో పసిగట్టే ఈ క్షణాన్ని సెన్సర్ల వక్రరేఖపై గుర్తించవచ్చునని 2007 ప్రాంతంలో ప్రచురితమైన పరిశోధనలు తెలిపాయి. తయారైన తేయాకుకు రుచి నిపుణులు ఇచ్చే మార్కులతో యంత్రపు స్పందనలను పోల్చే పని కూడా వెంటనే జరిగినది.

ఈ అనుభవం నుండి రెండు పాఠాలు గ్రహించవచ్చును. మొదటిది, తేయాకు పరిశ్రమలో అనుభవజ్ఞులైన రుచి నిపుణుల వ్యవస్థ ముందే ఉన్నది, యంత్రానికి గురువులు వారే. రెండవది, పని జరిగినది కర్మాగారం లోపల, ఒకే పదార్థంపై, ఒకే ప్రక్రియను గంటగంటకు గమనిస్తూ. ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఈ రెండు అనుకూలతలూ లేవు. రోజుకు పదుల సంఖ్యలో రైతులు, వేర్వేరు రకాలు, వేర్వేరు తేమలు, బయట దుమ్ము, లారీల పొగ ఉంటాయి. వీటి మధ్య పనిచేయవలసిన పరికరాన్ని తేయాకు పరికరంతో సమానంగా భావించరాదు.

5. వరి ధాన్యంలో వాసనకు మూలాలు

5.1 సువాసన

బాస్మతి, ఇతర సుగంధ వరి రకాల పరిమళానికి ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థమని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బటరీ బృందం 1982లో గుర్తించినది. నీటిలో వంద కోట్ల భాగాలకు ఒక భాగంలో పదవ వంతు ఉన్నా మనిషి ముక్కు దీనిని పసిగడుతుంది. ఎనిమిదవ క్రోమోజోమ్‌పై గల బాద్-2 జన్యువులో ఎనిమిది క్షారాల లోపం ఏర్పడి ఆ ఎంజైమ్ పనిచేయకపోవటం వలన గింజలో ఈ పదార్థం పేరుకుంటుందని 2005లో తెలిసినది. ఇది నిలవలో క్రమంగా తగ్గిపోతుంది. పాత బాస్మతిలో పరిమళం తగ్గటానికి కారణం ఇదే.

5.2 నిలవ వాసన

బియ్యపు తవుడు పొరలోని నూనెను లైపేజ్ ఎంజైములు కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. లినోలిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందినప్పుడు హెక్సనాల్ అనే ఆల్డిహైడ్ వెలువడుతుంది. పాతబడిన బియ్యపు వాసనకు ఇది ప్రధాన సూచిక. దంపుడు బియ్యం త్వరగా వాసన పట్టటానికి, తవుడును వెంటనే నిర్వీర్యం చేయకపోతే నూనెకు పనికిరాకుండా పోవటానికి ఇదే మూలం.

5.3 ముక్క వాసన

తేమ ఎక్కువైన కుప్పలో బూజు శిలీంధ్రాలు పెరిగినప్పుడు 1-ఆక్టెన్-3-ఓల్ అనే పుట్టగొడుగు వాసన గల ఆల్కహాలు, మట్టి వాసనను గుర్తుచేసే జియోస్మిన్ వంటివి వెలువడతాయి. గాలి చొరబడని తడి కుప్పలో పులియటం వలన ఇథనాల్ కూడా చేరుతుంది. లోహ ఆక్సైడ్ సెన్సర్లు ఆల్కహాళ్లకు, ఆల్డిహైడ్లకు బాగా స్పందిస్తాయి గనుక సిద్ధాంతరీత్యా ముక్క వాసనను పసిగట్టటం సాధ్యమే.

5.4 వాసన చెప్పలేనివి

బూజు పట్టిన గింజలో ఏర్పడే అఫ్లాటాక్సిన్ ఆవిరి కాదు, కావున దానికి వాసన లేదు. శిలీంధ్రం వెలువరించే ఇతర ఆవిర్లను బట్టి ప్రమాదాన్ని ఊహించవచ్చును గాని, వాసన లేనంత మాత్రాన విషం లేదని చెప్పటం తప్పు. శిలీంధ్రం చనిపోయి, గింజ ఎండి, వాసన తగ్గిన తరువాత కూడా విషం అలాగే నిలిచి ఉంటుంది. ఈ విషయం విస్తరణ కార్యకర్తలు రైతులకు, మిల్లర్లకు స్పష్టంగా చెప్పవలసి ఉన్నది.

6. పసుపు, మామిడి

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో పసుపు పంట పేరుగన్నది. పసుపు విలువను కొనుగోలుదారు రంగు, వాసన, కొమ్ము గట్టిదనం చూసి అంచనా వేస్తాడు. వీటిలో వాసనకు కారణం టర్మరోన్లు అనే సుగంధ తైల భాగాలు. ఇవి ఆవిరవుతాయి గనుక సెన్సరుకు అందుతాయి. ఉడకబెట్టటం, ఆరబెట్టటం, నిలవ ఉంచటం సరిగా జరగకపోతే తైలం తగ్గుతుంది. రంగుకు కారణమైన కర్కుమిన్ ఆవిరి కాదు. కాబట్టి వాసన ఎంత ఘాటుగా ఉన్నా కర్కుమిన్ శాతాన్ని ఎలక్ట్రానిక్ నాసిక నేరుగా కొలవలేదు. కల్తీకి వాడే మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ కూడా ఆవిరి కానివే. ఇటువంటి పనులకు రసాయన పరీక్ష గాని, వర్ణపట పరికరం గాని వాడవలెను. ఒకే యంత్రం పసుపు నాణ్యత మొత్తాన్ని చెబుతుందన్న ప్రచారాన్ని ఈ దృష్టితో పరిశీలించవలెను.

జగిత్యాల సమీపంలోని చల్‌గల్ మార్కెట్‌కు వచ్చే మామిడిలో పక్వత పెరిగే కొద్దీ టర్పీన్లు, ఎస్టర్లు, ఇథిలీన్ వెలువడే తీరు మారుతుంది. కాయను కోయకుండా, నొక్కకుండా పక్వతను అంచనా వేయటానికి వాసన పనికివస్తుంది. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టటం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషిద్ధం. వాణిజ్య కార్బైడ్‌లోని మలినాల వలన వచ్చే వెల్లుల్లి వంటి వాసన అనుభవజ్ఞులకు తెలిసినదే. ఆ వాసనను బట్టి అనుమానించవచ్చును, నిర్ధారణకు మాత్రం ప్రయోగశాల అవసరం.

7. వాసనల పునఃసృష్టి: పొలంలో విజయవంతమైన రూపం

వాసనను రసాయనికంగా చదివి, తయారుచేసి, మరొక జీవికి పంపటం కొత్త సంగతి కాదు. జర్మన్ శాస్త్రవేత్త బుటెనాంట్ 1959లో సుమారు 5 లక్షల ఆడ పట్టు సీతాకోకచిలుకల నుండి బాంబికాల్ అనే లింగాకర్షక పదార్థాన్ని వేరుచేశాడు. అంతకు ముందే బిహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్, పండు ఈగ మగ పురుగులను మిథైల్ యూజినాల్ ఆకర్షిస్తుందని 1915లో వెల్లడించాడు. నేడు మామిడి తోటలలో వేలాడదీసే పండు ఈగ ఎరలకు ఆధారం అదే.

వరి కాండం తొలిచే పసుపు రంగు పురుగు లింగాకర్షక ఎరలో రెండు ఆల్డిహైడ్లు 3:1 నిష్పత్తిలో ఉంటాయి. శనగపచ్చ పురుగు ఎరలో అవే రెండు ఆల్డిహైడ్లు 97:3 నిష్పత్తిలో ఉంటాయి. అణువులు అవే, నిష్పత్తి మారితే పిలుపు మరొక పురుగుకు చేరుతుంది. వాసన భాషలో అక్షరాలతో పాటు వాటి పాళ్లు కూడా అర్థాన్ని నిర్ణయిస్తాయనటానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తరగతి గదిలో దొరకదు. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ ఇటువంటి ఆకర్షకాల సంశ్లేషణలో కృషి చేసినది.

ఈ ఎరలు ఎందుకు విజయవంతమయ్యాయి? మగ పురుగు ఎదురుచూసే సందేశం రెండు మూడు అణువులలోనే ఉన్నది, దాని మీసాలలోని గ్రాహకాలు ఆ అణువులకే ప్రత్యేకమైనవి. మనిషికి తెలిసే పసుపు వాసన గాని, కొత్త బియ్యపు అన్నం వాసన గాని పదుల కొద్దీ అణువుల కలయిక. కాబట్టి పురుగుకు పంపగలిగినంత సులభంగా మనిషికి వాసనను పంపలేకపోతున్నారు.

8. వాసనల ప్రసారం: జరిగిన ప్రయత్నాలు

సినిమా హాలులో కథకు తగిన వాసనలను గొట్టాల ద్వారా వదిలే ప్రయోగం 1960లో అమెరికాలో జరిగినది, అది నిలవలేదు. 1999లో మొదలైన డిజిసెంట్స్ సంస్థ కంప్యూటరుకు తగిలించే వాసన పెట్టెను తయారుచేయదలచి 2001లో మూతపడినది. 2014 జూన్‌లో పారిస్ నుండి న్యూయార్క్‌కు ఓఫోన్ అనే పరికరం ద్వారా వాసన సందేశం పంపారు. నిజానికి ప్రయాణించినది సంకేతం మాత్రమే. అటువైపు పరికరంలో ముందే నింపిన పరిమళాలు ఆ సంకేతం ప్రకారం కలిసి వెలువడినవి.

2023లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో సుమారు 5,000 అణువుల నిర్మాణాలను, వాటి వాసన వర్ణనలను నాడీజాలానికి నేర్పి ఒక వాసన పటాన్ని తయారుచేశారు. ఆ కృషితో సంబంధం గల ఆస్మో సంస్థ 2024లో ఒక ప్లమ్ పండు వాసనను విశ్లేషించి, ఆ వివరాల ఆధారంగా వేరొక యంత్రం ద్వారా తిరిగి కలిపినట్లు ప్రకటించినది. ఇవి ఆశాజనకమైన అడుగులే. కానీ వీటిలో వాసనను చదివినది ప్రయోగశాలలోని పెద్ద విశ్లేషణ పరికరం, చౌక సెన్సర్ల సమూహం కాదు.

వ్యవసాయంలో దూరప్రాంతానికి వాసననే పంపవలసిన అవసరం అంతగా లేదు. వెల్గటూర్ కల్లంలోని ధాన్యపు వాసన ముద్రను జిల్లా ప్రయోగశాలకు సంఖ్యల రూపంలో పంపి అక్కడి ముద్రలతో పోల్చితే చాలును. మొబైల్ ఫోను ఉన్నచోట ఈ ప్రసారం కష్టం కాదు. కష్టమంతా పోల్చటానికి తగిన ముద్రలు అక్కడ ఉండటంలోనే ఉన్నది.

9. పొరపాటు ఎవరిపై పడుతుంది: ఒక లెక్క

పరికరాల ప్రచారంలో 90 శాతం కచ్చితత్వం అన్న మాట తరచుగా వినిపిస్తుంది. దాని అర్థాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చును. ఒక కొనుగోలు కేంద్రానికి 1,000 కుప్పలు వచ్చినవనుకొందాము. వర్షాలు లేని మంచి సీజనులో వాటిలో నిజంగా ముక్కినవి 50. యంత్రం ముక్కిన వాటిలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, మంచి వాటిలో కూడా 90 శాతాన్ని మంచివిగానే గుర్తిస్తుంది.

అప్పుడు ముక్కిన 50లో 45 దొరుకుతాయి, 5 తప్పించుకుంటాయి. మంచివైన 950లో 10 శాతం, అనగా 95 కుప్పలు ముక్కినవిగా ముద్ర పడతాయి. యంత్రం తిరస్కరించిన మొత్తం 140. అందులో నిజంగా చెడినవి 45 మాత్రమే, అంటే 32 శాతం. తిరస్కారానికి గురైన ప్రతి ముగ్గురు రైతులలో ఇద్దరికి అన్యాయం జరిగినట్లే.

అదే యంత్రం వర్షాల సీజనులో 1,000లో 300 కుప్పలు ముక్కినప్పుడు 270ని పట్టుకుంటుంది, 700 మంచి కుప్పలలో 70ని తప్పుగా తిరస్కరిస్తుంది. తిరస్కరించిన 340లో 79 శాతం నిజంగా చెడినవి. యంత్రం మారలేదు, సీజను మారినది. ఇక మంచి సీజనులోనే, మంచి ధాన్యాన్ని గుర్తించే సామర్థ్యాన్ని 90 నుండి 98 శాతానికి పెంచగలిగితే తప్పుడు తిరస్కారాలు 95 నుండి 19కి తగ్గుతాయి. తిరస్కరించిన 64లో 45, అనగా 70 శాతం నిజమవుతాయి.

ఈ లెక్క నుండి రెండు నియమాలు ఏర్పడతాయి. యంత్రం తీర్పును తుది తీర్పుగా కాక మొదటి జల్లెడగా మాత్రమే వాడవలెను. తిరస్కరించిన ప్రతి కుప్పకు రెండవ పరీక్ష కోరే హక్కు రైతుకు ఉండవలెను.

10. స్థానిక వాసన భాండాగారం: చేయవలసిన పని

వేరొక రాష్ట్రపు ధాన్యంతో శిక్షణ పొందిన యంత్రం వెల్గటూర్ ధాన్యాన్ని సరిగా తీర్పు చెబుతుందని ముందుగా నమ్మటానికి ఆధారం లేదు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వెలువడిన జగిత్యాల సన్నాలు, జగిత్యాల వరి-1 వంటి రకాలు, ఈ ప్రాంతపు నేలలు, ఇక్కడి ఆరబెట్టే పద్ధతి, ఇక్కడి వర్షం తీరు అన్నీ నమూనాలలో ప్రతిబింబించవలెను. ఈ క్రింది అంశాలు విద్యార్థుల పరిశోధనలకు, విస్తరణ శాస్త్రవేత్తల క్షేత్ర పరిశీలనలకు ఉపయోగపడతాయి.

అ) తేమను, వాసనను వేరుచేయటం: లోహ ఆక్సైడ్ సెన్సర్లు నీటి ఆవిరికి కూడా స్పందిస్తాయి. ముక్కిన నమూనాలన్నీ తడివి, మంచివన్నీ పొడివి అయితే యంత్రం నేర్చుకునేది వాసనను కాదు, తేమను. అప్పుడు అది ఖరీదైన తేమ మీటరుగా మిగులుతుంది. తడిసినా తాజాగా ఉన్న ధాన్యం, ముక్కి తిరిగి ఎండిన ధాన్యం తప్పనిసరిగా నమూనాలలో చేర్చవలెను. తీర్పు కష్టమయ్యేది, తగాదా వచ్చేది ఈ రెండింటి దగ్గరే.

ఆ) మనుషుల బృందం: రైతులు, మిల్లర్లు, కొనుగోలు కేంద్రం సిబ్బంది, శాస్త్రవేత్తలు కలిసిన చిన్న బృందం, పేర్లు లేని సంకేత సంఖ్యలు గల సీసాలను వాసన చూసి మార్కులు వేయవలెను. ఒక్కరి ముక్కునే ప్రమాణంగా తీసుకొంటే ఆ ఒక్కరి పక్షపాతమే యంత్రంలోకి చేరుతుంది. వరుసగా చూసినప్పుడు ముక్కు మొద్దుబారుతుంది గనుక నమూనాల మధ్య విరామం అవసరం.

ఇ) శిక్షణ, పరీక్ష నమూనాల విభజన: ఒకే కుప్ప నుండి తీసిన పది సంచులలో ఏడింటిని శిక్షణకు, మూడింటిని పరీక్షకు వాడితే ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ అది భ్రమ. యంత్రం ఆ కుప్పను గుర్తుపట్టినదే గాని ముక్క వాసనను కాదు. శిక్షణకు వాడిన గ్రామాలు, సీజన్లు కాక వేరే గ్రామాల, వేరే సీజన్ల నమూనాలతో పరీక్షించవలెను.

ఈ) కొలత క్రమం: మంచి నమూనాలన్నీ ఉదయం, ముక్కినవన్నీ సాయంత్రం కొలిస్తే ఉష్ణోగ్రత తేడా వాసన తేడాగా కనిపిస్తుంది. వరుసను చీటీలు తీసి నిర్ణయించవలెను.

ఉ) సెన్సరు మార్పు: నెలలు గడిచే కొద్దీ సెన్సరు స్పందన జరుగుతూ పోతుంది. ప్రతి రోజూ పలుచన చేసిన బ్యుటనాల్ వంటి ఒక ప్రామాణిక ఆవిరితో సరిచూసి ఆ విలువను నమోదు చేయవలెను. గోదాములలో వాడే ధూమీకరణ మందుల అవశేష వాయువులు, లారీల పొగ, వంట పొగ సెన్సర్లను తప్పుదోవ పట్టించవచ్చును.

ఊ) ప్రయోగశాల నిర్ధారణ: ప్రతి రకపు నమూనాలలో కొన్నింటిని గ్యాస్ క్రోమటోగ్రఫీకి, బూజు ఉన్నవాటిని అఫ్లాటాక్సిన్ పరీక్షకు పంపవలెను. అప్పుడే వాసన ముద్రకు, అసలు నాణ్యతకు మధ్య సంబంధం ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

ఎ) నివేదిక: మొత్తం కచ్చితత్వంతో ఆగక, మంచి ధాన్యాన్ని తప్పుగా తిరస్కరించిన శాతం, ముక్కిన ధాన్యాన్ని వదిలివేసిన శాతం విడివిడిగా తెలపవలెను. మొదటి పొరపాటు నష్టం రైతుది, రెండవ పొరపాటు నష్టం మిల్లరుది, వినియోగదారునిది.

11. ముగింపు

వాసనను చదవటం, తిరిగి పుట్టించటం, దూరానికి పంపటం అనే మూడు పనులలో నేడు వ్యవసాయానికి అక్కరకు వచ్చేవి మొదటి రెండు. పునఃసృష్టి లింగాకర్షక ఎరల రూపంలో ఇప్పటికే పొలంలో ఉన్నది. వాసనను చదివే పరికరాలు తేయాకు కర్మాగారాలలో ఉపయోగపడగలవని తేలినప్పటికీ, ధాన్యం, పసుపు మార్కెట్లకు అవి చేరేముందు స్థానిక నమూనాల భాండాగారం సిద్ధం కావలెను. పరికరం కొనటానికంటే ఈ పనికి ఎక్కువ కాలం పడుతుంది. కనీసం రెండు వానాకాలాలు, రెండు యాసంగులు నమూనాలు సేకరించనిదే రకాల తేడా, వర్షాల తేడా అందులో చేరవు.

జగిత్యాల వ్యవసాయ కళాశాల విద్యార్థులకు, పరిసర మండలాల విస్తరణ సిబ్బందికి ఇది చేతికందే పరిశోధన. ఖరీదైన యంత్రం లేకున్నా మొదటి మెట్టు ఎక్కవచ్చును. రాబోయే యాసంగిలో తడిసిన కుప్పల నుండి రోజువారీగా నమూనాలు తీసి, తేమను, కుప్ప లోపలి ఉష్ణోగ్రతను, బృందం వేసిన వాసన మార్కులను నమోదు చేసి, అదే నమూనాలను గాలి చొరబడని సీసాలలో శీతలంలో భద్రపరిస్తే, తరువాత ఏ పరికరం వచ్చినా దానిని పరీక్షించటానికి తగిన ఆధారం జిల్లాలోనే ఉంటుంది.